పాటల పెట్టె: పాత రాక్ అండ్ రోల్‌లో వినిపించే ఆ చైనా ఎవరిది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే దిక్కు చూస్తున్నాయి: రాక్ అండ్ రోల్ అనే 1950ల అమెరికా హుషారు పాటల్లో, అలాంటి ఇతర పాటల్లో వినిపించే చైనా. హన్మకొండలో ఏళ్ల తరబడి క్యాసెట్ రికార్డింగ్ సెంటర్ నడిపిన వాణ్ని కాబట్టి ఇంగ్లిష్ పాటల మీద అడిగితే నాకు ప్రాణం లేచొస్తుంది. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు పెట్టి, ఈసారి మొత్తం ఈ చైనా ముచ్చటకే ఇస్తున్నాను.

ప్రశ్న: సార్, చౌరస్తా దగ్గర మేం తినే నూడుల్స్ బండి ఆయన ఎప్పుడూ ఫోన్లో రీల్స్ పెట్టి ఉంచుతాడు. చైనా తిండి, చైనా మనిషి, కుంగ్ ఫూ, ఏది వచ్చినా వెనక ఒకటే ట్యూను. టికటికటికటిక టిన్ టిన్ టున్ టున్ టిన్. అది నిజంగా చైనా పాటేనా? ఎక్కడిది?
– డిగ్రీ విద్యార్థి, హన్మకొండ

జవాబు: కాదు తమ్ముడూ. చైనాలో ఆ ట్యూనుతో మొదలయ్యే జానపదం గానీ, గుడి పాట గానీ లేదు. అది అమెరికాలో, యూరప్‌లో నాటకాల వాళ్ళు, సినిమాల వాళ్ళు, బొమ్మల సినిమాల వాళ్ళు కలిసి తయారు చేసుకున్న గుర్తు. తెర మీద చైనా వచ్చిందని ప్రేక్షకుడికి ఒక్క క్షణంలో చెప్పడానికి వాడుకున్నారు. దాని లయకు దగ్గరగా ఉండే వరస 1847 నాటి ఒక అల్లాఉద్దీన్ నాటకం సంగీతంలోనే కనిపిస్తుంది. అల్లాఉద్దీన్‌కూ చైనాకూ సంబంధమేంటని అడుగుతావేమో. అరేబియా కథల పుస్తకంలో చేరిన ఆ కథలో అల్లాఉద్దీన్ ఉండేది చైనా పట్నంలోనే. అలా మొదలైన వరస జాజ్‌లోకి వచ్చింది, కార్టూన్లలోకి వచ్చింది, చివరికి నీ బండి దాకా వచ్చింది.

ఆ బండి మీద అమ్మే గోబీ మంచూరియా ఎంత చైనాదో ఈ ట్యూను కూడా అంతే చైనాది. మంచూరియా పుట్టింది 1975లో బొంబాయిలో. దాన్ని కనిపెట్టాడని పేరున్న నెల్సన్ వాంగ్ కలకత్తాలో పుట్టిన చైనీయుడు.

నీ దగ్గర హార్మోనియం గానీ, ఫోన్లో కీబోర్డు యాప్ గానీ ఉంటే ఇప్పుడే వాయించి చూడు. తెల్ల మెట్లు ముట్టుకోకు. మూడు నల్ల మెట్ల గుంపులో మొదటిదాన్ని షడ్జమం అనుకుని వరసగా నల్ల మెట్లే నొక్కుకుంటూ పో. స, రి, గ, ప, ద పలుకుతాయి. అదే మన మోహన రాగం. చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్న వాళ్ళంతా పాడిన "వరవీణా మృదుపాణి" గీతం ఆ రాగంలోదే. చైనా సంగీత శాస్త్రంలో కూడా ప్రాచీన కాలం నుంచీ అవే ఐదు స్వరాలు: గోంగ్, షాంగ్, జ్వే, జి, యూ. ఇప్పుడు వేగంగా దదదద అను. తర్వాత కొంచెం నిదానంగా పప గగ ప అను. తొమ్మిది దెబ్బలు. నీ రీల్స్ ట్యూను వచ్చేసింది. దాని కింద మరో స్వరం జత చేసి రెండూ కలిపి నొక్కితే ఇంకా అచ్చంగా వస్తుంది.

చూశావా, స్వరాలు మాత్రం చైనాకు పరాయివి కావు. కానీ మోహనలో ఎంత సంగీతం ఉందో నీకు తెలుసు. కీర్తనలున్నాయి, వర్ణాలున్నాయి, సినిమా పాటలున్నాయి. అదంతా వదిలేసి ఎవడో తొమ్మిది దెబ్బలు కొట్టి "మోహన అంటే ఇంతే" అంటే మనకెలా ఉంటుంది? నాకైతే బాధగా ఉంటుంది.

ఇంకొక్క సంగతి చెప్పి వదిలేస్తాను. ఆ ట్యూనును ప్రపంచమంతా మోగించిన పాట 1974లో వచ్చిన "కుంగ్ ఫూ ఫైటింగ్". పాడింది జమైకాలో పుట్టిన కార్ల్ డగ్లస్. బ్రిటన్‌లో, అమెరికాలో నంబర్ వన్ అయింది. దాన్ని నిర్మించినాయన మన పక్క రాష్ట్రం వాడే, బెంగళూరులో పుట్టిన బిడ్డు. 1980లో "ఆప్ జైసా కోయీ" చేసింది ఆయనే, 1995లో "మేడ్ ఇన్ ఇండియా" చేసింది ఆయనే.

ప్రశ్న: నమస్తే అన్నా. మా బాపు కాజీపేటలో రైల్వేలో చేసి రిటైరయ్యారు. కిందటేడు కాలం చేశారు. ఆయన ట్రంకు పెట్టెలో పాత రికార్డులు దొరికాయి. క్వార్టర్స్‌లో ఉండే ఆంగ్లో ఇండియన్ కుటుంబం ఊరు వదిలి పోతూ ఇచ్చారని అవ్వ చెప్తది. అందులో ఒక 78 రికార్డు మీద ఫ్రాంకీ లేన్ అని, "రోజ్, రోజ్, ఐ లవ్ యూ" అని ఉంది. లేబుల్ మీద చైనీస్ పేరేదో కనిపిస్తోంది. ఇది చైనా పాటనా, ఇంగ్లిష్ పాటనా? పాడు కాకుండా ఎలా దాచాలి?
– ఒక పాఠకురాలు, కాజీపేట

జవాబు: అమ్మా, ఆ రికార్డు చేతిలో ఉంటే భద్రంగా కింద పెట్టి ఈ జవాబు చదవండి. ఈ నెల ఉత్తరాలన్నింటిలో నన్ను నిద్ర పోనివ్వనిది మీదే.

ముందు దాచే సంగతి. 78 అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డు, లక్కతో చేసింది. కింద పడితే పలకలాగే పగులుతుంది. స్పిరిట్ గానీ, శానిటైజర్ గానీ తగలనివ్వొద్దు, లక్క కరిగిపోతుంది. మెత్తటి గుడ్డను మామూలు నీళ్లలో తడిపి గట్టిగా పిండి, గాళ్ళ వెంబడి గుండ్రంగా తుడవండి. లేబుల్ తడవకూడదు. ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిలువుగా పెట్టండి. ఎల్పీలు వాయించే సన్న సూదితో 78 వేయకండి. దాని గాళ్ళు వెడల్పు కాబట్టి వేరే సూది కావాలి. ఇంతే.

ఇక పాట. అది చైనా పాటే. 1940లో షాంఘైలో ఒక సినిమా కోసం చెన్ గెషిన్ అనే ఆయన వరస కట్టారు. యావో లీ అనే అమ్మాయి పాడింది, అప్పటికి ఇంకా ఇరవై ఏళ్లు కూడా లేవు. చెన్ గెషిన్ తాత మన దేశం నుంచి వెళ్ళిన మనిషని చెబుతారు. ఆ రోజుల్లో షాంఘై అంటే నైట్ క్లబ్బులు, డాన్స్ హాళ్లు, రికార్డు కంపెనీలు. అమెరికా నుంచి నల్లజాతి జాజ్ కళాకారులు వచ్చి అక్కడ నెలల తరబడి వాయించేవారు. బక్ క్లేటన్ అనే ట్రంపెట్ విద్వాంసుడు 1930లలో అక్కడ పనిచేశాడు. టెడీ వెదర్‌ఫర్డ్ అనే పియానో విద్వాంసుడైతే షాంఘై నుంచి బొంబాయి, కలకత్తా హోటళ్లకు వచ్చి 1945లో కలకత్తాలోనే కన్నుమూశాడు. కాబట్టి యావో లీ పాటలో పడమటి బ్యాండు ఊపు, చైనా గొంతు రెండూ కలిసి ఉంటాయి. ఎవరో బయటివాళ్లు అతికించింది కాదు, అది ఆ ఊరి సొంత సంగీతం.

ఆ పాటను వినేటప్పుడు మాటలు తెలుసుకుని వినండి. గులాబీ అందాన్ని పొగిడి ఊరుకోదు. కొమ్మ సన్నం, ముల్లు వాడి అంటుంది. ఈ రోజు గాలివాన వచ్చి లేత కొమ్మను, మొగ్గను గాయపరిచింది. రేపు మళ్లీ వచ్చినా పెనవేసుకున్న కొమ్మలను విడదీయలేదు అంటుంది. అప్పుడు షాంఘై చుట్టూ జపాన్ సైన్యం ఉంది. ఆ గాలివాన ఏమిటో వినేవాళ్ళకు ఒకరు విప్పి చెప్పాల్సిన పని లేదు.

మీ బాపు పెట్టెలో ఉన్నది దాని ఇంగ్లిష్ రూపం. విల్‌ఫ్రిడ్ థామస్ అనే రేడియో కళాకారుడు ఇంగ్లిష్ మాటలు రాశాడు. 1951లో అమెరికా గాయకుడు ఫ్రాంకీ లేన్ పాడితే అమెరికా పట్టికల్లో 3వ స్థానం దాకా పోయింది. అందులో గులాబీ చెట్టు లేదు, ముల్లు లేదు, గాలివాన లేదు. తూర్పు దేశంలో బాదం కళ్ళ పిల్లను కలిసిన ఒక తెల్లవాడు, ఇంటికి పోయే ఓడ ఎక్కుతూ ఆమెకు వీడ్కోలు చెబుతాడు. ఆమె ఏమనుకుంటుందో పాటలో ఎక్కడా రాదు. షాంఘై పాటలో గాలివానకు ఎదురు నిలబడిన గులాబీ, అమెరికా పాటకు వచ్చేసరికి నోరులేని బొమ్మ అయింది. వరస మాత్రం ఎంత గట్టిదంటే, ఆ మాటలను కూడా మోసుకుని ప్రపంచం చుట్టింది. రాక్ అండ్ రోల్ ఇంకా ఆ పేరుతో జనంలోకి రాని రోజులవి. కానీ ఆ తర్వాత వచ్చిన "చైనా" పాటలకు బాట వేసినవి ఇలాంటి రికార్డులే.

చెన్ గెషిన్ గురించి రాయాలంటే చెయ్యి ఆడదు. 1945లో యుద్ధం ముగిసిన సంతోషంలో ఆయన "గోంగ్షీ గోంగ్షీ" అనే పాట కట్టారు. ఈ రోజుకీ చైనా కొత్త సంవత్సరానికి ప్రతి దుకాణంలో మోగేది అదే. 1957లో చైనా ప్రభుత్వం ఆయన మీద మితవాది, అంటే కమ్యూనిస్టు పార్టీకి వ్యతిరేకి అని ముద్ర వేసి అన్హుయ్ ప్రాంతంలోని శ్రమ శిబిరానికి పంపారు. 1961లో అక్కడే చనిపోయారు. కొడుకు చెన్ గాంగ్ 1959లో మరో మిత్రుడితో కలిసి కట్టిన "సీతాకోకచిలుక ప్రేమికులు" అనే వయొలిన్ కాంచెర్టో (వయొలిన్ ముందుండి, పెద్ద వాద్యబృందం వెంట నడిచే రచన) చైనా సంగీతంలో అన్నింటికన్నా పేరుపొందిన వాటిలో ఒకటి. యావో లీ 1950లో హాంకాంగ్ వెళ్లి అక్కడ పాడుతూ, రికార్డు కంపెనీలో పనిచేస్తూ బతికారు. 2019లో 96 ఏళ్ల వయసులో పోయారు.

చెన్ గెషిన్ అనే పేరును ఒకసారి గట్టిగా చదవండి అమ్మా. ఆ మనిషి గురించి మన కాజీపేటలో ఒకరింట్లోనైనా తెలిసిందంటే నాకు సంతోషం.

ప్రశ్న: సార్, నేను హైస్కూల్లో ఇంగ్లిష్ టీచర్‌ని. మా స్కూల్ వార్షికోత్సవానికి 8వ తరగతి పిల్లలతో పాత రాక్ అండ్ రోల్ పాట మీద "చైనీస్ డాన్స్" చేయించాలని డాన్స్ మాస్టర్ పట్టుబడుతున్నాడు. పాట పేరు "లింగ్ టింగ్ టాంగ్". వింటే హుషారుగానే ఉంది. పిల్లల కళ్ళకు కాటుకతో సన్న గీతలు పెట్టి, టోపీలు పెట్టిస్తాడట. నాకెందుకో మనసొప్పడం లేదు, కానీ ఏం చెప్పి ఆపాలో తెలియక టెన్షన్‌గా ఉంది. పైగా పాడింది నల్లజాతి వాళ్ళట. వాళ్ళే పాడినప్పుడు తప్పేముంది అంటున్నాడు.
– ఉపాధ్యాయురాలు, కరీంనగర్

జవాబు: టీచర్ గారూ, మీ మనసు సరైన మాటే చెప్పింది. ఎందుకో వివరంగా రాస్తాను, డాన్స్ మాస్టర్‌కు కూడా చూపించండి.

"లింగ్ టింగ్ టాంగ్" 1954లో ఫైవ్ కీస్ అనే బృందం పాడింది. వర్జీనియా రాష్ట్రంలోని న్యూపోర్ట్ న్యూస్ అనే ఓడరేవు ఊరి కుర్రాళ్ళు. గొంతులు కలపడంలో వాళ్ళకు సాటి చాలా తక్కువ మంది. 1951లో "ది గ్లోరీ ఆఫ్ లవ్" వాళ్ళు పాడింది వినండి, ఒక గొంతు ముందు నడుస్తుంటే మిగతావి వెనక మెత్తగా పరుచుకుంటాయి. అలాంటి వాళ్ళు క్యాపిటల్ కంపెనీకి మారాక ఈ తమాషా పాట పాడారు. బాగా అమ్ముడుపోయింది. వెంటనే చార్మ్స్ అనే మరో బృందం పాడింది, 1961లో బడీ నాక్స్ అనే గాయకుడు పాడాడు. అంటే ఏడేళ్ల తర్వాత కూడా గిరాకీ తగ్గలేదు.

పాటలో కథ ఏమిటి? పాడేవాడు హాంకాంగ్‌లోని చైనా టౌన్‌కు పోతాడు, ఎగ్ ఫూ యంగ్ తినడానికి. జేగంట మోగుతుంది. తర్వాత అర్థం లేని మాటలు. ఒక్కసారి ఆలోచించండి. చైనా టౌన్ అనేది శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉంటుంది, న్యూయార్క్‌లో ఉంటుంది, కలకత్తాలో ఉంటుంది. హాంకాంగ్ మొత్తం చైనా వాళ్ళ ఊరే, అక్కడ ప్రత్యేకంగా చైనా టౌన్ ఏమిటి? ఎగ్ ఫూ యంగ్ అనే ఆమ్లెట్ కూడా ఆ రూపంలో అమెరికా హోటళ్లలో స్థిరపడిందే. పాట రాసిన వాళ్ళ ముందు ఉన్నది హాంకాంగ్ కాదు, తమ వీధి చివర ఉన్న చైనా హోటల్. దానికే జేగంట కట్టి సముద్రం అవతల పెట్టారు.

అమెరికా జనానికి చైనా అంటే హోటల్, లాండ్రీ తప్ప మరేదీ ఎందుకు తెలియలేదు? ఎందుకంటే తలుపు మూసి పెట్టుకున్నారు. అమెరికా తూర్పు, పడమరలను కలిపిన రైలుమార్గం 1869లో పూర్తయింది. పడమటి వైపు నుంచి కొండలు తొలిచి పట్టాలు వేసిన కూలీల్లో ఎక్కువ మంది చైనీయులు. సియెర్రా నెవాడా కొండల మంచులో సొరంగాలు తవ్వారు. తెల్లవాళ్ల కన్నా తక్కువ కూలీ ఇస్తున్నారని 1867లో సమ్మె చేశారు. పని అయిపోయిన పదమూడేళ్లకే, 1882లో, చైనా కూలీలు దేశంలోకి రాకూడదని చట్టం చేశారు. పౌరసత్వం కూడా లేదన్నారు. 1943లో దాన్ని ఎత్తేశారు గానీ ఏడాదికి 105 మందికే చోటిచ్చారు. 1965 దాకా నిజంగా తలుపు తెరుచుకోలేదు. ఈ మధ్యలోనే, 1950 నుంచి 1953 వరకు, కొరియాలో అమెరికా సైనికులు, చైనా సైనికులు ఎదురెదురుగా చచ్చారు. "లింగ్ టింగ్ టాంగ్" వచ్చింది ఆ మరుసటేడే. భయం ఉంది, తెలియనితనం ఉంది, హోటల్‌లో తినే రుచి ఉంది. ఆ మూడూ కలిసి పాటయ్యాయి.

"వాళ్ళే పాడారు కదా" అనే మాటకు వస్తాను. రాక్ అండ్ రోల్‌కు తల్లి అయిన బ్లూస్ అనే నల్లజాతి సంగీతం పుట్టిన నేల మిసిసిప్పి డెల్టా. పత్తి చేల ప్రాంతం, మన వరంగల్ పత్తి రైతుకు చెబితే వెంటనే అర్థమయ్యే నేల. అక్కడ నల్లజాతి కూలీల వాడల్లో కిరాణా దుకాణాలు నడిపింది ఎక్కువగా చైనా కుటుంబాలు. అక్కడి రోజ్‌డేల్ అనే ఊళ్ళో మార్తా లమ్ అనే చైనా పిల్లను 1924లో తెల్లపిల్లల బడి నుంచి పంపించేశారు. తండ్రి సుప్రీంకోర్టు దాకా పోయాడు. 1927లో కోర్టు అది న్యాయమేనని తీర్పు చెప్పింది. బడుల్లో జాతి వేరుచేయడం చెల్లదని అదే కోర్టు చెప్పింది 1954 మేలో. అవును, "లింగ్ టింగ్ టాంగ్" వచ్చిన ఏడాదే. ఒకే బడి గుమ్మం నుంచి వెనక్కి పంపిన రెండు జాతుల్లో ఒకరు ఇంకొకరి మీద తమాషా పాట పాడి నాలుగు డబ్బులు చూసుకున్నారు. నల్లజాతి వాళ్ళను వెక్కిరిస్తూ ముఖానికి మసి పూసుకుని ఆడే నాటకాలు అమెరికాలో నూరేళ్ల పైన నడిచాయి. ఆ వెక్కిరింత తమ మీద పడినప్పుడు ఎలా ఉంటుందో ఫైవ్ కీస్ కుర్రాళ్ళకు తెలియకుండా ఉంటుందా? కానీ కంపెనీ ఇచ్చిన పాట పాడితేనే రేడియోలో వేస్తారు. నేను వాళ్ళను నిందించను. పాట సరైనదని కూడా అనను.

ఇదొక్కటే కాదు. స్క్రీమిన్ జే హాకిన్స్ అనే అమెరికా గాయకుడు 1950లలో "హాంకాంగ్" అని ఒక పాట రికార్డు చేశాడు. జపాన్ మీద కూడా వచ్చాయి. వాండా జాక్సన్ అనే ఓక్లహోమా అమ్మాయి 1957లో "ఫుజియామా మామా" పాడింది. ఆ గొంతు నాకు ఎంతో ఇష్టం, నిప్పు కణికలా ఉంటుంది. కానీ అందులో తన ఊపును హిరోషిమా, నాగసాకి మీద పడ్డ బాంబులతో పోలుస్తుంది. బాంబులు పడి పన్నెండేళ్లే. విచిత్రం ఏమిటంటే ఆ పాట జపాన్‌లోనే పెద్ద హిట్టయి, 1959లో ఆమె అక్కడికి వెళ్లి పాడి వచ్చింది. వినేవాళ్ళు పాటలోంచి తమకు కావలసింది తీసుకుంటారు, దాన్ని మనం ఇక్కడ కూర్చుని తీర్పు చెప్పలేం.

కానీ మీ స్కూల్ స్టేజీ సంగతి వేరు టీచర్ గారూ. వరంగల్‌లో చదువుకోవడానికి మణిపూర్, నాగాలాండ్, మిజోరం నుంచి పిల్లలు వస్తారు. వాళ్ళు బజారుకు వస్తే వెనక నుంచి "ఏయ్ చైనా" అని అరిచే వాళ్ళను నేను కళ్ళారా చూశాను. ఒకసారి మా షాపు మెట్ల మీద నిలబడ్డ ఒక అబ్బాయి మొహం ఆ మాటకు ఎలా వాడిపోయిందో చూశాక నాకు ఆ కేక అంటేనే గిట్టదు. 8వ తరగతి పిల్లల కళ్ళకు గీతలు గీసి చప్పట్లు కొట్టిస్తే, రేపు ఆ కేక వేసేవాడిని మనమే తయారు చేసినట్టు.

పిల్లలకు పాత రాక్ అండ్ రోల్ నేర్పించడం మాత్రం మానొద్దు. ఫైవ్ కీస్ పాటే కావాలంటే "ది గ్లోరీ ఆఫ్ లవ్" పెట్టండి. హుషారుగా కావాలంటే 1950ల పాటలు ఎన్నో ఉన్నాయి, చిట్టీ వేసి పంపండి, నేను జాబితా రాసిస్తాను. చైనా డాన్సే కావాలంటే యావో లీ "రోజ్ రోజ్" షాంఘై రికార్డు ఉండనే ఉంది, ఎనిమిది మంది పిల్లలు గులాబీ కొమ్మల్లా ఆడొచ్చు. కాటుక గీతలు అక్కర్లేదు.

ప్రశ్న: "మేరా నామ్ చిన్ చిన్ చూ" కూడా ఇలాంటిదేనా? మా తాత రేడియో సిలోన్‌లో విన్నానని ఇప్పటికీ పాడుతుంటాడు.
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: అదే కుటుంబం, కానీ అమెరికాలో కాదు, మన గడ్డ మీద పుట్టింది. 1958 సినిమా "హౌరా బ్రిడ్జ్". సంగీతం ఓ.పి. నయ్యర్, పాడింది గీతా దత్, ఆడింది హెలెన్. సినిమా కథ కలకత్తాలో, అందులో చైనా విలన్ వేషం మదన్ పురిది. పాటలో రాక్ అండ్ రోల్ ఊపు, నయ్యర్ గారి తాళం, గీతా దత్ కొంటెతనం. తాత పాడుతున్నాడంటే ఆశ్చర్యం లేదు, నా నోటికీ అది వచ్చేస్తుంది.

హెలెన్ 1938లో రంగూన్‌లో పుట్టింది. జపాన్ దాడికి భయపడి ఆ కుటుంబం బర్మా నుంచి అడవుల్లో నడుచుకుంటూ అస్సాం చేరింది. అప్పటికి ఆమె చిన్నపిల్ల. తెర మీద చైనా అమ్మాయిగా నవ్వుతూ కనిపించే మనిషి వెనక అంత నడక ఉంది. పాట వచ్చిన నాలుగేళ్లకు, 1962 యుద్ధంలో, మన దేశంలో తరతరాలుగా ఉన్న చైనా కుటుంబాల్లో మూడు వేల మంది దాకా జనాన్ని రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరంలో నిర్బంధించారు. కొందరు ఏళ్ల తరబడి అక్కడే ఉన్నారు. తాతను అడగండి, ఆ రోజుల్లో పేపర్లో ఆ వార్త చదివిన గుర్తుందేమో. ఉంటే నాకు రాయమనండి.

ప్రశ్న: అన్నా, చైనా మీద పాటలు సరే. చైనా వాళ్ళు ఆ రోజుల్లో రాక్ అండ్ రోల్ పాడలేదా?
– ఒక గిటారు విద్యార్థి, మంచిర్యాల

జవాబు: పాడకేం తమ్ముడూ! గ్రేస్ చాంగ్ అని వెతుకు. షాంఘైలో పెరిగి హాంకాంగ్ చేరిన నటి. 1957లో "మాంబో గర్ల్" సినిమాలో ఆడి పాడి హాంకాంగ్ యువతను ఊపేసింది. అమెరికా గాయకుడు లూయీ జోర్డన్ 1953లో పాడిన ఒక ఉరుకు పాటను చైనీస్ మాటలతో పాడింది. ఎంత వేగంగా మాటలు దొర్లిస్తుందో వింటే నీ గిటారు చెయ్యి ఆగిపోతుంది. జేగంట లేదు, తొమ్మిది దెబ్బల ట్యూను లేదు. "ది వైల్డ్, వైల్డ్ రోజ్" అనే 1960 సినిమాలోనైతే ఇంకా రెచ్చిపోయింది. ఆ సినిమా పాటలకు వరసలు కట్టిన హట్టోరి ర్యోఇచి జపాన్ సంగీతకారుడు. పదిహేనేళ్ల కింద ఒకరినొకరు చంపుకున్న రెండు దేశాల వాళ్ళు హాంకాంగ్ స్టూడియోలో కలిసి పాట చేస్తున్నారు, ఆలోచించు.

జమైకా సంగతి కూడా చెప్పాలి. రాక్ అండ్ రోల్ రికార్డులు విని విని ఆ దీవి వాళ్ళు స్కా అనే సంగీతం కట్టుకున్నారు, దాంట్లోంచే రెగే వచ్చింది. కింగ్‌స్టన్‌లో బెవర్లీస్ అని ఐస్‌క్రీమ్ పార్లర్ నడిపిన అన్నదమ్ముల్లో ఒకడు లెస్లీ కాంగ్, చైనా సంతతి. ఆ దుకాణం పేరు మీద పాట కట్టి పాడి వినిపించిన కుర్రాడు జిమ్మీ క్లిఫ్. అక్కడి నుంచి కాంగ్ రికార్డు నిర్మాత అయ్యాడు. 1962లో బాబ్ మార్లే మొట్టమొదటి రికార్డు తీసింది ఆయనే. మార్లే బొమ్మ ఉన్న టీషర్టు మన వరంగల్ బట్టల బజార్లో కూడా దొరుకుతుంది, లెస్లీ కాంగ్ పేరు మాత్రం ఎవరికీ తెలియదు.

చైనా లోపల ఆ సంగీతం చాలాకాలం నిషేధం కింద ఉంది. షాంఘై పాటలనే చెడ్డ పాటలన్నారు, ఇక రాక్ ఎక్కడిది? 1986 మేలో ట్రంపెట్ వాయించే చుయ్ జియెన్ అనే యువకుడు బీజింగ్ స్టేడియంలో గిటారు పట్టుకుని, తన దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదంటూ ఒక పాట పాడాడు. చైనా రాక్ అక్కడి నుంచి లెక్క.

నువ్వు గిటారు నేర్చుకుంటున్నావు కాబట్టి ఒక పని చెయ్యి. యావో లీ 1940 "రోజ్ రోజ్" ముందు విను, దాన్ని మోహన స్వరాల్లో పట్టుకో. ఆ తర్వాత గ్రేస్ చాంగ్. తర్వాత చుయ్ జియెన్ 1986. మూడూ పట్టుకున్నాక రికార్డు చేసి పంపు, కాజీపేట అమ్మ గారికి కూడా వినిపిద్దాం.